అంగడికి పెట్టిన పేరు

సైదమ్మ గొర్రెల దొడ్డి ఊడ్చి, ఎరువు గంపకెత్తుకుని వాకిట్లోకి వచ్చేసరికి మరిది లింగన్న అరుగు మీద కూర్చుని తల్లికి ఒక కాగితం చదివి వినిపిస్తున్నాడు. మిలిటరీ సర్కారు వచ్చాక సూర్యాపేటకు వేసిన పట్టణ కమిటీలో అతనిది బంట్రోతు ఉద్యోగం. కాగితం కూడా కమిటీదే. వచ్చే గురువారం పొద్దున పది గంటలకు కొత్త కూరగాయల అంగడి తెరుస్తారు. దానికి ఐలన్న అంగడి అని పేరు పెడతారు. నల్లగొండ నుంచి పెద్ద అధికారి వస్తాడు. అమరుడి తల్లి ఉప్పలమ్మకు శాలువా కప్పుతారు. రాతిపలక మీద కప్పిన గుడ్డను అమరుడి భార్య సైదమ్మ తీస్తుంది.

చదవడం అయ్యాక లింగన్న వదినవైపు తిరిగి, ఆ రోజు తెల్లచీర కట్టుకోవాలని, తలనిండా కొంగు కప్పుకోవాలని చెప్పాడు. మిర్యాలగూడ నుంచి అతనికి పిల్లనివ్వబోయేవాళ్లు కూడా వస్తారట. వీరుడి ఇంటితో వియ్యమని వాళ్లు పదిమందికి చెప్పుకుంటున్నారట.

ఐలన్న చనిపోయి ఏడాదిన్నర అయిందని ఊళ్లో అందరూ ఎరుగుదురు. నిరుడు తొలకరి మిరుగు కార్తెలో అతను చివ్వెంల వైపు ఒక పల్లెలో మంద మేపుకుంటూ, ఆ పల్లె కాపలా దళంలో చేరాడు. రజాకార్లు ఆ పల్లె మీద పడ్డ తెల్లవారుజామున ఊరి బయట మంచె మీద నుంచి ఎవరో ఆగకుండా కొమ్ము ఊదారు. జనం మేల్కొని పిల్లలను చంకనేసుకుని గుట్టల్లోకి తప్పించుకున్నారు. మంచె కాలిపోయింది. అందులో దొరికిన శవాన్ని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. ఒంటికింద కాలకుండా మిగిలిన గొంగడి ముక్కను మాత్రం ఉప్పలమ్మ గుర్తుపట్టింది. ఆ ఉన్ని ఆమె తన చేత్తో వడికినదే.

ఆ రాత్రి మంచె మీద ఐలన్నతో పాటు కాపలా ఉండాల్సినవాడు గేమ్యా, పక్క లంబాడీ తండా మనిషి. ఆనాటి నుంచి అతను కనిపించలేదు. రజాకార్లకు దారి చూపి పారిపోయింది అతనేనని అందరూ నమ్మారు.

ఆ గేమ్యా భార్య ద్వాళి, నెత్తిమీద కట్టెలమోపుతో అప్పుడే వాకిలి ముందు ఆగింది. కొత్త అంగట్లో కట్టెలమ్ముకోవడానికి జాగా కావాలని ఆమె కమిటీకి అర్జీ పెట్టుకుంది.

"లింగన్నా, నా జాగ సంగతి ఏమైంది?"

లింగన్న తలెత్తలేదు. "నీ పేరు కొట్టేసిన్రు. మా అన్న పేరున్న అంగట్ల, మా అన్నను పట్టిచ్చినోని పెండ్లానికి జాగ ఎట్లిస్తరు?"

ద్వాళి మోపు సర్దుకుని వెళ్లిపోయింది. ఉప్పలమ్మ లేచి, ఆమె నిలబడ్డ చోట పేడనీళ్లు చల్లింది. సైదమ్మ చేతిలోని గంప జారి ఎరువంతా నేల మీద పడింది. ఒంట్లో బాగాలేదా అని అత్త అడిగితే ఏమీ లేదంది.

ఆ ఇంట్లో సైదమ్మ ఒక్కదానికే ఒక సంగతి తెలుసు. ఐలన్న బతికే ఉన్నాడు.

పన్నెండు రోజుల కిందట, తల్లికి జ్వరమని ఆమె కోదాడ దగ్గరి పల్లెలో ఉన్న పుట్టింటికి వెళ్లింది. మందుకోసం కోదాడ బజారుకు పోయినప్పుడు బండ్ల అడ్డా దగ్గర ఒక మనిషి ధాన్యం బస్తా దించి నడుము నిటారు చేసుకున్నాడు. ఆ నడుము ఆమెకు తెలుసు. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. అతను చెయ్యి విడిపించుకోలేదు. ఆమె బోసి మణికట్టు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

బండ్ల వెనక కూర్చుని జరిగినదంతా చెప్పాడు. ఆ రాత్రి వాన. గేమ్యాకు జ్వరం. వణుకుతుంటే తన గొంగడి అతనికి కప్పాడు. తెల్లారగట్ల రజాకార్లు కనబడగానే ఇద్దరూ మంచె దిగి పరుగెత్తొచ్చు. "పోదాం పా" అన్నాడు ఐలన్న. ఊరు లేవలేదు, నువ్వు పో, నేనొస్తనన్నాడు గేమ్యా. ఐలన్న పరుగెత్తాడు. సరిహద్దు దాటి జగ్గయ్యపేట దాకా పోయి, అక్కడి కాందిశీకుల శిబిరంలో తలదాచుకున్నాడు. మిలిటరీ వచ్చాక ఇంటికి బయలుదేరి కోదాడలో ఆగితే, సూర్యాపేట ఐలన్న ఊరికోసం ప్రాణమిచ్చాడని అక్కడ జనం చెప్పుకుంటున్నారు.

"నాకు దినాలు గూడ జేసిన్రంట గదా" అన్నాడతను. "ఇగ ఏ మొఖం పెట్టుకొని రావాలె? సచ్చినట్టే ఉండనియ్యి సైదా. అవ్వకు నా పేరన్న మిగులుతది."

ఆమె ఎంత ఏడ్చినా అతను కదల్లేదు. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

తిరిగొచ్చిన నాటి నుంచి సైదమ్మకు అన్నం లోపలికి పోవడం లేదు. భర్త బతికున్నాడని తెలిసి కూడా విధవలా లేచి, విధవలా పడుకోవాలి. నీళ్లకు పోతే బావి దగ్గర ఆడవాళ్లు గౌరవంగా పక్కకు జరిగి ముందు ఆమెను తోడుకోమంటున్నారు. కమిటీ అధ్యక్షుడు గురవయ్య స్వయంగా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఇలాంటి కోడలు దొరకడం అదృష్టమని ఉప్పలమ్మతో అన్నాడు. సభలో ఆమె చెప్పాల్సిన రెండు మాటలు లింగన్నకు రాసిచ్చి వెళ్లాడు. నోరు విప్పితే అత్త గుండె పగులుతుంది, మరిది పెండ్లి ఆగుతుంది, భర్త తలెత్తుకోలేడు. విప్పకపోతే ద్వాళి రోజూ ఇదే వీధిలో తలవంచుకుని నడవాలి. ఎటు తిరిగినా గోడే. కట్టెల కేక వినబడితే చాలు, సైదమ్మ దొడ్లోకి పోయి గొర్రెల మధ్య నిలబడేది.

బుధవారం మధ్యాహ్నం ఉప్పలమ్మ పెట్టెలోంచి తెల్లచీర తీసి మడతలు సరిచేస్తోంది. లింగన్న వదినకు మాటలు నేర్పుతున్నాడు.

"నా భర్త ఈ ఊరి కోసం ప్రాణమిచ్చిండు అను వదినా."

రెండోసారీ చెప్పి చూశాడు. మూడోసారి విసుక్కున్నాడు.

"మీ అన్న బతికే ఉన్నడు" అంది సైదమ్మ.

తర్వాత ఆపలేకపోయింది. కోదాడ సంగతంతా చెప్పేసింది. లింగన్న మొదట నమ్మలేదు, తర్వాత లేచి తలుపు దగ్గరికి వేశాడు. ఇంకెవరికి చెప్పినవని అడిగాడు. ఎవరికీ చెప్పలేదంది.

"చెప్పకు. రేపొక్కరోజు గడవనియ్యి. నా నౌకరి, నా పెండ్లి అన్నీ దీని మీదనే ఉన్నయి."

"రేపు గుడ్డ గుంజినంక ఇగ ఎప్పుడు జెప్పుడు లింగన్నా? రాయి మీద ఆయన పేరు నేనే సూపిచ్చినట్టయితది."

"నీకు మొగడు గావాలె. అందుకే నీ ఏడుపు."

"కావాలె. ఎందుకు గావద్దు?" సైదమ్మ మొదటిసారి మరిది కళ్లలోకి చూసింది. "గంతే అయితే సప్పుడు జెయ్యకుండ కోదాడ పోయి ఆయనతోటి ఉంటుంటి. ఎవలకు తెలుస్తది? గాని గా ద్వాళి మొఖం సూడలేకపోతున్న."

చీర ఉప్పలమ్మ ఒడిలోనే ఉంది. సైదమ్మ అనుకున్న ప్రశ్నలేవీ ఆమె అడగలేదు.

"తింటున్నడా?" అంది.

"సన్నవడ్డడు అత్తా. భుజాలు కాయలు గాసినయి."

ఉప్పలమ్మ మొహం మీద సంతోషం ఒక్కసారి పొంగింది. కళ్లు కొంగుతో ఒత్తుకుంది. ఉన్నట్టుండి ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నా కొడుకని మఠంపల్లి కాడ కృష్ణల కలిపినయి... అవి గేమ్యా బొక్కలేనా?"

సైదమ్మ తలూపింది. ఉప్పలమ్మ తను పేడనీళ్లు చల్లిన వాకిలి వైపు చూసింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక తెల్లచీర పెట్టెలో పెట్టి, కోడలిని నడవమంది. లింగన్న గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టి, తల్లివై నా బతుకు నువ్వే ఖరాబు చేస్తవా అన్నాడు. ఆమె కోప్పడలేదు. అతని చెయ్యి తీసి పక్కకు పెట్టింది.

గురవయ్య కమిటీ ఆఫీసులోనే ఉన్నాడు. అంతా విన్నాడు. రాయి చెక్కడం అయిపోయిందని, అధికారి బయలుదేరి ఉంటాడని, సభ కానిచ్చి తర్వాత చూద్దామని అన్నాడు.

"రేపు మేం రాము" అంది ఉప్పలమ్మ. "ఎందుకు రాలేదని జనం అడుగుతరు. అడిగితే ఉన్నది జెప్తం."

గురవయ్య చెడ్డవాడు కాదు. ఆడవాళ్ల మాట మీద కమిటీ తీర్మానం మార్చడం కుదరదని, ఐలన్నే వచ్చి సభ్యుల ముందు వాంగ్మూలం ఇవ్వాలని అన్నాడు. అప్పటిదాకా సభ వాయిదా వేయించాడు.

కొడుకును తేవడానికి ఉప్పలమ్మే కోదాడ పోయింది. అక్కడ తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం ఐలన్న తల్లి వెనక నడుస్తూ ఇంటికి వచ్చాడు. చూడటానికి వచ్చిన జనంలో కొందరు ఏడ్చారు, ఒకరిద్దరు ఉమ్మేసి పోయారు. మిర్యాలగూడ వాళ్లు ఆ వారమే సంబంధం వద్దని కబురు పంపారు. లింగన్న ఉద్యోగం పోలేదు గాని, అతను అన్నతో మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. అత్త గాజులు తెచ్చి తొడుక్కోమంటే, ద్వాళికి తెలిసేదాకా ఆగుదామంది సైదమ్మ.

సోమవారం కమిటీ కూర్చుంది. ద్వాళిని పిలిపించారు. ఐలన్న బతికొచ్చాడని ఆమె విన్నది గాని, మంచెలో కాలిందెవరో ఎవరూ చెప్పలేదు; జాగా గురించేమో అనుకుని తలుపు పక్కన నిలబడింది. ఐలన్న సభ్యుల ముందు చేతులు కట్టుకుని మొదటి నుంచి చెప్పాడు. తను పరుగెత్తానని దాచలేదు. గొంగడి సంగతి, గేమ్యా అన్న మాటలు చెప్పాడు.

"వాగు దాటేదాక కొమ్ము ఇనవడ్డది. ఆగిన. ఎనుకకు మళ్లి పోదామనుకున్న. కాళ్లు రాలే. జర సేపటికి తుపాకి మోగింది. ఇగ కొమ్ము ఇనవళ్లే."

ఆఫీసు గుమాస్తా రాయడం ఆపాడు. గురవయ్య గొంతు సవరించుకుని, ద్వాళి భర్త ద్రోహి కాదని, ఊరిని కాపాడింది అతనేనని, అంగడికి గేమ్యా పేరే పెడతామని, ఆమెకు అందులో మొదటి జాగా ఇస్తామని చెప్పాడు. అందరూ ఆమె వైపు చూశారు. సైదమ్మ కూడా చూసింది. ఆ మొహం వికసించడం చూడటానికే తను ఇన్ని రోజులు నలిగిపోయానని అనిపించింది.

ద్వాళి ఐలన్న వైపు తిరిగింది.

"అయితే ఇగ రాడా?"

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"దొంగోడని అందరన్నా, యాడ్నో ఒకాడ బతికున్నడు గదా అనుకున్న. ఒగనాడొస్తడు, అప్పుడు తిట్టాలె అని తిట్లన్నీ దాసుకున్న."

గేమ్యాకు మంచి పేరొస్తుందనే సైదమ్మ అనుకుంది తప్ప, ఆ పేరుతో పాటే ద్వాళి మొగుడు చచ్చిపోతాడని ఈ క్షణం దాకా ఆమెకు తట్టలేదు. పసుపుకుంకుమలు తన ఇంటికి తిరిగొచ్చింది ఈమె ఆశ తెంపేశాకే. ఉప్పలమ్మ దగ్గరికి పోయి భుజం పట్టుకోబోతే ద్వాళి ఆ చేతిని తోసేసింది. మోచేతి పైన పెళ్లి గుర్తుగా వేసుకున్న తెల్లటి బొక్కగాజులను ఒక్కొక్కటే లాగి తీసి కొంగులో వేసుకుంది. గుమాస్తా గేమ్యా తండ్రి పేరు అడిగితే చెప్పింది. తర్వాత ఐలన్నతో అంది:

"తండల గూడ గిట్లనే జెప్పాలె నువ్వు. మా మామ తన కొడుకు పేరు ఎత్తుడే బంద్ జేసిండు."

"ఇప్పుడే పోదాం" అన్నాడు ఐలన్న.

నలుగురూ చివ్వెంల దారి పట్టారు. ముందు ద్వాళి, ఆమె వెనక అత్తాకోడళ్లు, అందరికన్నా వెనక ఐలన్న. ఊరు దాటేదాకా ద్వాళి నిటారుగా నడిచింది. దారి పక్కన కందిచేలు మొదలయ్యాక ఆమె నడక తడబడింది. ఉన్నచోటనే కూలబడి, తండా ఆడవాళ్లు ఏడ్చే తీరులో, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. ఆ మాటలు సైదమ్మకు అర్థం కాలేదు. మధ్యమధ్య గేమ్యా అన్న పేరు మాత్రం తెలిసింది. ఆమె పక్కనే దుమ్ములో కూర్చుని తనూ ఏడ్చింది.

ఉప్పలమ్మ వంగి, "నా నోటితోటి నిన్ను అనరాని మాటలన్న బిడ్డా" అంటూ ద్వాళి తలను ఒడిలోకి తీసుకుంది. ఈసారి ద్వాళి తోసెయ్యలేదు. ఐలన్న దగ్గరికి రాలేక, దూరంగా పోలేక, తల వంచుకుని ఎండలో నిలబడ్డాడు.