కస్టమర్ సంతకం

"మళ్ళీ మీరేనా?" అంది రిసెప్షనిస్టు.

వానలో తడిసి పళ్ళ ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డ వైఫై టెక్నీషియన్‌కి ప్రాణం ఉసూరుమంది. రెండు వారాల్లో ఇది నాలుగో కంప్లయింట్. నాలుగూ చేసింది ఈ అమ్మాయే. ఇంకో కంప్లయింట్ వస్తే గోదాములో పెట్టెలకు కాపలా కాయాల్సిందేనని మొన్ననే అన్న సూపర్‌వైజరు, పొద్దున ఫోన్ చేసి అన్నంత పనీ చేశాడు. ఇదే ఆఖరి పని. గోదాములో బల్లమీద పెన్ను దొర్లిస్తూ ఓరకంట చూసి నవ్వే మనిషి ఉండదు.

ఆ నవ్వుకే అతను బోల్తా పడ్డాడు. ఆమె నవ్వింది తన చేతగానితనానికేమోనని ఇప్పుడు అనుమానం. పనిరాని వాణ్ణి ఎవరు ఇష్టపడతారు నా మొహం, అనుకుంటూ నిచ్చెన ఎక్కాడు.

సీలింగుకు బిగించిన తెల్లటి పెట్టెలో లైటు వెలుగుతోంది. కేబుల్ బాగుంది. సిగ్నల్ మాత్రం లేదు. లోపల డాక్టరమ్మ, ఎక్స్‌రే ట్యాబ్‌లోకి రాక, నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటు ముందు రుసరుసలాడుతోంది. ఆవిడ ఈ అమ్మాయికి మేనత్త. ఉద్యోగమూ, పై అంతస్తులో గదీ ఆవిడ ఇచ్చినవే.

ఇదివరకు మూడుసార్లూ అతను చేసింది ఒకటే. పుల్లతో రీసెట్ నొక్కడం, వైఫైకి కొత్త పాస్‌వర్డ్ పెట్టడం, అయిదు నిమిషాల్లో అయిపోయిందని ఆమె ముందు కాలరెగరెయ్యడం. రీసెట్ నొక్కితే, ఎప్పుడేం జరిగిందో పెట్టె రాసుకున్న చిట్టా అంతా చెరిగిపోతుంది. సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీవాళ్ళు పెట్టినదానికే వచ్చేస్తుంది. అది పెట్టెతో వచ్చిన అట్టడబ్బా మీదే అచ్చయి ఉంటుంది. ఆ డబ్బా రిసెప్షన్ సొరుగులోనే పడి ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ముందు మార్చాలని ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు. గొప్పకి పోయి ఒక్కసారీ మార్చలేదు.

ఈసారి రీసెట్ జోలికి పోకుండా ల్యాప్‌టాప్ తగిలించి చిట్టా తెరిచాడు. పదకొండూ అయిదుకి వైర్‌లెస్ ఆపేశారు. ఆపింది రిసెప్షన్ కంప్యూటర్ నుంచి.

నన్ను ఇక్కడికి రాకుండా చెయ్యడానికి ఇంత పని చేసిందా, అంత గిట్టనివాణ్ణా అనుకున్నాడు. ఏడుపొచ్చింది. అయినా వైర్‌లెస్ మళ్ళీ ఆన్ చేశాడు, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాడు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాడు, పేషెంట్లకు వేరే నెట్‌వర్క్ పెట్టాడు. ఇక పెట్టె ఎవరి మాటా వినదు.

కిందికి దిగి సర్వీసు రిపోర్టు తీశాడు. కారణం అన్నచోట నిజం రాస్తే మేనత్త ఈ పిల్లను బయటికి గెంటుతుంది. 'ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చలేదు, తప్పు టెక్నీషియన్‌ది' అని రాసి, సంతకానికి ఆమె ముందు పెట్టాడు. అందులోనూ అబద్ధం లేదు.

ఆమె చదివింది. దొర్లుతున్న పెన్ను ఆగింది.

"చూసేశారా?"

"చూశాను."

"మరి నేనని రాయలేదేం?"

"మీ ఉద్యోగమైనా ఉండనీండి. నేను రేపట్నుంచి గోదాములో. ఇక మిమ్మల్ని విసిగించను."

ఆమె మొహం పాలిపోయింది. "అది పనిచేస్తుంటే మీరు రారు కదండీ. ఆపితే వస్తారని ఆపాను. మీ మీదికొస్తుందని తెలీదు."

రెండు వారాలుగా వినాలనుకున్న మాట, అంతా మునిగాక వినబడింది.

"రమ్మంటే వచ్చేవాణ్ణి," అన్నాడతను.

ఆమె అతని వాక్యం కొట్టేసి 'నాలుగుసార్లూ ఆపింది నేనే' అని రాసి సంతకం పెట్టింది. అతను కాగితం లాక్కోబోయాడు, మీ అత్తయ్య ఊరుకోరన్నాడు. ఊరుకోదని, గది కూడా ఖాళీ చెయ్యమంటుందని ఆమె ఒప్పుకుంది. అయినా పెన్ను వదల్లేదు. కస్టమర్ ఫోన్ నంబరు దగ్గర ఆసుపత్రిది కొట్టేసి, కింద తనది వేసింది.

"ఇకమీదట కంప్లయింట్లు దీన్నుంచే వస్తాయి. గోదాములో ఉన్నా మీరే రావాలి."

వైఫై వచ్చిందా అని లోపల్నుంచి డాక్టరమ్మ కేకేసింది.

"వచ్చిందత్తయ్యా," అంటూ ఆమె కళ్ళు తుడుచుకుని, రిపోర్టు పట్టుకుని లోపలికి నడిచింది.

అతను నిచ్చెన అక్కడే వదిలేసి ఆమె వెనకే వెళ్ళాడు.