అల్లుడి తెల్ల పంట్లాం

పెరుమాళ్‌సామి నాయకర్ ఇంట్లో తెల్లవారగానే అందరికంటే ముందు లేచేవి ఎద్దులు, వాటి వెనకే అల్లుడు లక్ష్మణన్. ఎద్దులు పేడ వేసేవి, అల్లుడు తీసేవాడు. దీన్ని ఊళ్ళో మర్యాదగా ఇల్లరికం అనేవారు.

లక్ష్మణన్ తల్లి పెరుమాళ్‌సామికి చెల్లెలు. సత్రపట్టిలో ఆవిడా మొగుడూ కలరాకు పోతే, మేనల్లుణ్ణి చిన్నవాడుగా ఉండగానే రాజపాళయం తెచ్చుకున్నాడాయన. "నేను పెంచినాను" అని రోజుకోసారి చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు. పెంచిన ఖర్చు రాబట్టుకోవడానికే కూతురు పుష్పాన్నిచ్చి ఇంట్లోనే కట్టేసుకున్నాడని వీధిలో అనేవారు. వీధి కూడా అప్పుడప్పుడు నిజమే చెబుతుంది.

ఒక పొద్దు అందరూ సద్ది తాగుతుండగా లక్ష్మణన్ నోరు విప్పాడు. అదే ఒక వింత.

"మామా, కొత్త మిల్లులో నాకు వేలై దొరికేటట్టుండాది. పత్తి బేళ్ళు తూచి రాసే వేలై."

పెరుమాళ్‌సామి తాగుతున్న చెంబు దించాడు. "నువ్వా? రాసేదా?"

"మూడో ఫారం చదివినాను గదా మామా. తూకం మేనేజర్ మాట్లాడి చూసినాడు. సోమవారం తెల్ల కాల్‌సట్ట వేసుకొని రమ్మన్నాడు. కాల్‌సట్ట వేసినోళ్ళు రాసేదానికి, వేట్టి కట్టినోళ్ళు మూటలు మోసేదానికి. అక్కడ అట్లనే." ఆ వైపు పంట్లాన్ని కాల్‌సట్ట అనేవారు, పంచెను వేట్టి, ఉద్యోగాన్ని వేలై.

పెరుమాళ్‌సామి కొడుకు కృష్ణసామికి పొలమారింది. పని అంటే ఆమడ దూరం పారిపోయే ఆ మహానుభావుడికి, ఇంకొకడు పనికి పోతానంటే మాత్రం ఎక్కడలేని నవ్వు వస్తుంది. "తాను దూర సందు లేదు, మెడకొక డోలంట. నాయనా, మన లక్ష్మణుడు దొరై అయిపోతున్నాడు," అన్నాడు.

పెరుమాళ్‌సామి అరుగు మీద పడుకున్న వేటకుక్క వైపు గడ్డం ఎగరేశాడు. "అదీ తెల్లగానే ఉండాది. అడిగి చూడు, దానికీ ఒక వేలై ఇస్తారేమో."

అందరూ నవ్వారు. పుష్పం కూడా నవ్వింది. పుట్టింటివాళ్ళు ఆమెకు వేరే సారె ఏమీ పెట్టలేదు, మొగుణ్ణి చిన్నచూపు చూడడం ఒక్కటే పెట్టారు. ఆమె దాన్ని భద్రంగా వాడుకునేది.

తరవాత పెరట్లో లక్ష్మణన్ ఆమెతో మెల్లగా చెప్పాడు. "సంబళం వస్తే మిల్లు వెనక వీధిలో ఒక చిన్న ఇల్లు బాడుగకు తీసుకోవచ్చు పుష్పం. మన పొయ్యి, మన కూడు. ఈ వేలై తప్పితే నా బతుకంతా ఈ పేడ తట్టే."

"పత్తి దుమ్ములో తెల్లదేంది బావా? కట్టుకుంటే ఖాకీ కట్టుకో. మాసినా తెలవదు."

"అక్కడ దుమ్మే తెల్లగా ఉంటాది. ఖాకీ మీద పత్తి పడితే మేకల దొడ్లో దొర్లి లేచినట్టు కనపడతాది. తెల్లదే సరి."

ఆయన అంత తెలివిగా మాట్లాడడం పుష్పానికి కొత్త. కొత్తదేదైనా ఆ ఇంట్లో ముందు నవ్వుకే పనికొచ్చేది. పుష్పం తల్లి నాగమ్మాళ్ పెట్టె అడుగు నుంచి పెరుమాళ్‌సామి కట్టి కట్టి విడిచిన మల్లు పంచె ఒకటి తీసి అల్లుడి మీదికి విసిరింది. "తెల్లగా ఉండాల, అంతే గదా. కుట్టించుకో," అంది. ఇచ్చేది పాతగుడ్డ, మొహంలో మాత్రం గోదానం చేసిన తృప్తి. వీధి చివర దర్జీ కన్నుసామి ఇచ్చిన గుడ్డను ఇచ్చినట్టే కుట్టి ఇచ్చాడు.

సోమవారం పొద్దున లక్ష్మణన్ స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, ఆ పంట్లాం తొడుక్కుని నడవలో నిలబడ్డాడు. నీడలో బాగానే ఉంది. ఎండలోకి, ముంగిట్లోకి అడుగు పెట్టగానే సంగతి బయటపడింది. ఆ రోజుల్లో సేద్యం చేసే మగవాళ్ళు పంచె కింద ఎర్ర గోచీ పెట్టుకునేవారు. పంచె మడతల్లో అదెవరికీ కనిపించేది కాదు. పంట్లానికి ఉన్నది ఒకే పొర, అదీ అరిగిపోయిన మల్లు. వెనకనుంచి చూస్తే ఎర్ర గోచీ, దాని తోకతో సహా, దండెం మీద ఆరేసినంత స్పష్టంగా కనపడింది.

లక్ష్మణన్ చొక్కా వెనక నడుము దాకే ఉంది, ముందువైపు మాత్రం కిందికి వేలాడి కంటికి అడ్డం. వెనక తనకు తాను ఎవరు చూసుకుంటారు? ఆయన భార్య వైపు తిరిగి అడిగాడు.

"ఎట్ల ఉండాది పుష్పం?"

పుష్పం చూసింది. నాగమ్మాళ్ చూసింది. కృష్ణసామి స్తంభం చాటున అప్పటికే నోట్లో తువాలు కుక్కుకున్నాడు.

"బాగుండాది, పో," అంది పుష్పం.

ఆయన తల పైకెత్తి వీధిలోకి నడిచాడు. జీవితంలో ఆయన తల ఎత్తి నడవడం అదే మొదటిసారి. గడప దాటాడో లేదో పుష్పం పైట నోటికి అడ్డం పెట్టుకుని ఫక్కున నవ్వింది. ఆ తరవాత ఇల్లంతా నవ్వింది. ఇంటి నుంచి పక్కింటికి, పక్కింటి నుంచి బజారుకు ఆ నవ్వు ఆయన వెనకే నడిచింది. మిల్లు గేటు దగ్గర మూటలు దించేవాళ్ళలో ఒక పెద్దాయన జాలిపడి చెవిలో చెప్పేదాకా, జనం తన కొత్త హోదాకే నవ్వుతున్నారని అనుకున్నాడు పాపం.

మధ్యాహ్నం నడుముకు తువాలు చుట్టుకుని తిరిగి వచ్చాడు. మేనేజరు ఇంకో వారం గడువు ఇచ్చాడట. సరైన గుడ్డతో వస్తే కుర్చీ, లేకపోతే మూటలు. ఆ ఒక్క ముక్క చెప్పి, పేడ తట్ట అందుకున్నాడు. కృష్ణసామి ఎర్ర తుండుగుడ్డ ఒకటి వెనక దోపుకుని ముంగిట్లో అటూ ఇటూ నడిచి చూపించాడు. పెరుమాళ్‌సామి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. నవ్వడానికి కూడా కొంచెం బుద్ధి కావాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

గురువారం లక్ష్మణన్ బజారుకు వెళ్ళాడు. దుకాణంలో తెల్ల గుడ్డ ఏది చూపించినా వీధిలోకి తెచ్చి, ఎండకు ఎత్తి, వెనక తన చెయ్యి పెట్టి చూశాడు. వేళ్ళు కనిపించిన గుడ్డ వెనక్కి ఇచ్చేశాడు. దుకాణంవాడు విసుక్కున్నాడు, ఆయన మాత్రం తొందరపడలేదు. చివరికి దొరికిన దళసరి డ్రిల్లు గుడ్డ వెనక చెయ్యే కాదు, చెయ్యి నీడ కూడా ఆనలేదు. దాంతోపాటు లోపలికి తెల్ల డ్రాయర్లకూ గుడ్డ తీసుకున్నాడు. కుట్టాక కురచ కాకుండా రెండుసార్లు తడిపి ఆరేసి, అప్పుడు కన్నుసామికి ఇచ్చాడు. డబ్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అల్లుడి దగ్గర డబ్బు ఉంటుందన్న ఊహే ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

శనివారం పొద్దున ఆయన నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటున్నాడు. తడి తువాలు కాస్త జారింది. నాగమ్మాళ్ చేతిలోని బిందె అక్కడే పెట్టేసి లోపలికి పరుగెత్తింది.

"వాడి మొలకు తాడు లేదు," అంది. "వెండి మొలతాడు లేదు, నూలుతాడూ లేదు. నా బిడ్డ బతికుండంగా మొలతాడు తెంపినాడు."

ఇంట్లో నవ్వు ఆగిపోయింది. భార్య పోయిన మగవాడికే మొలతాడు తెంపుతారు. పెళ్ళాం ఉన్నవాడు తాడు లేకుండా తిరగడమంటే, ఆమె చావును కోరినట్టే. పుష్పం వంటింటి గడపలో నిలబడిపోయింది.

పెరుమాళ్‌సామి అల్లుణ్ణి తడి బట్టలతోనే అరుగు దగ్గరికి పిలిపించాడు. "తాడు ఏమైంది?"

"అమ్మినాను మామా. మా అమ్మ చేయించిన వెండితాడు అది. గుడ్డ కొన్నాను."

"కాల్‌సట్టకోసరం మొలతాడు అమ్మినావా? నా కూడు తిని నా బిడ్డ చావు కోరుతుండావా? అయ్యా అమ్మా లేని వాణ్ణి ఇంట్లో పెట్టుకొంటే ఇట్లనే ఉంటాది."

"పిచ్చికుక్కకు కూడు పెట్టినా ఇంతకంటే మరియాద ఉంటాది," అన్నాడు కృష్ణసామి.

పుష్పం ముందుకు వచ్చింది. "వెండిది అమ్మితే అమ్మినావు బావా. ఒక నల్లతాడు కట్టుకొనేదానికి ఏమైంది? నేను చచ్చిపోయినానా?"

లక్ష్మణన్ మాటలో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఆమె తట్టుకునేది.

"నల్లతాడు కొన్నాను పుష్పం. కట్టుకొందామనే చేతికి తీసుకొన్నాను. అప్పుడు సోమవారం గుర్తొచ్చింది. ఎట్ల ఉండాదని నిన్నే అడిగినాను. బాగుండాది పో అన్నావు. గడప దాటంగానే నవ్వు వినపడింది. అందరికంటే ముందు నవ్వింది నువ్వే. మీ అన్న నవ్వితే నవ్వినాడు, వీధి నవ్వితే నవ్వింది, వాళ్ళు నాకేమవుతారు? పెండ్లాం ఉండేవాడు అట్ల వీధిలోకి పోడు. ఆమె పోనీదు. తాడు కట్టుకొనేది ఎవరికోసరమని అనిపించి, దాన్ని అట్లనే పెట్టేసినాను."

పెరుమాళ్‌సామికి ఆ మాటలు చెవికెక్కలేదు. ఆయన చెవులకు ఆయన మాటలే సరిపోతాయి.

"కథలు చాలు," అన్నాడు. "ఈ ఇంట్లో ఉండాలంటే ఆ కాల్‌సట్ట పొయ్యిలో పడాల. ఎద్దులు కాసేవాడు ఎద్దుల కాడ ఉండాల. పుష్పం, లోపలికి పోయి దాన్ని తీసుకొనిరా."

పుష్పం లోపలికి వెళ్ళింది. పెట్టె మీద డ్రిల్లు పంట్లాం మడత పెట్టి ఉంది. చేతికి తీసుకుంటే బరువుగా ఉంది. దాని లోపలికి చెయ్యి పోనిచ్చి కిటికీ వెలుగుకు పట్టి చూసింది. చెయ్యి కనపడలేదు. పరాయి దుకాణం ముందు, ఎండలో, ఈ మనిషి ఒక్కడే నిలబడి ఎన్ని గుడ్డల వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. తను చూసి ఒక్క మాట చెప్పి ఉంటే తీరిపోయే పని అది. ఆమెకు ఏడుపు ఆగలేదు. కాసేపు దాన్ని గుండెకు ఆనించుకుని అక్కడే కూర్చుంది.

ఖాళీ చేతులతో బయటికి వచ్చింది.

"ఏది?" అన్నాడు తండ్రి.

"తీసుకొని రాను నాయనా."

"ఏమన్నావు?"

"ఆ పొద్దు మనమందరం చూసినాము. ఒక్కరమూ చెప్పలేదు. పరాయి కూలోడు చెప్పినాడంట. ఆయన అయ్యా అమ్మా లేనోడని ఇప్పుడు అంటివే, సోమవారం జరిగింది తలచుకొంటే నాకూ అదే తెలిసింది. ఆయనకు ఎవరూ లేరు. నేనూ లేను." కళ్ళు తుడుచుకుంది. "దాన్ని పొయ్యిలో వేయాలంటే నన్నూ ఆయనతోటి ఈ పొద్దే పంపించేయండి. ఎట్లన్నా ఆ మిల్లు వెనకనే బతుకుతాము."

కూతురు ఇల్లు వదిలితే ఊరు ఏమంటుందో పెరుమాళ్‌సామికి తెలుసు. కూతురి మనసంటే భయం లేని మనిషికి ఊరి నోరంటే మహా భయం. తువాలు దులిపి భుజాన వేసుకుని చేను వైపు వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఒప్పుకోవడమంటే అంతకంటే ఎక్కువ ఎవరూ ఎరగరు.

సోమవారం పొద్దున లక్ష్మణన్ డ్రిల్లు పంట్లాం తొడుక్కుని ముంగిట్లోకి వచ్చాడు. ఎలా ఉందని ఈసారి ఎవరినీ అడగలేదు. పుష్పాన్ని కూడా అడగలేదు. నేరుగా గడప వైపు నడుస్తుంటే ఆమే పిలిచింది.

"బావా, ఆగు. ఎండలోకి వచ్చి తిరుగు."

ఆయన అనుమానంగా తిరిగాడు. ఆమె చుట్టూ నడిచి, పైనుంచి కిందిదాకా, కొనబోయే ఎద్దును చూసినట్టు చూసింది. తెల్లదనం తప్ప ఏమీ కనపడలేదు. కాని నడుము కింద, వెనకవైపు, కుట్టు ఒకచోట వేలెడంత విడిపోయి ఉంది. కన్నుసామి దారం సరిగ్గా ముడి వేయలేదు.

"కుట్టు విడింది," అంది. "ఉండు."

సూదీ దారం తెచ్చి, వీధికి కనపడేటట్టే అరుగు పక్కన మొగుడి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. నాగమ్మాళ్ సిగ్గుతో మొహం తిప్పుకుంది. కృష్ణసామి ఏదో అనబోయి, చెల్లెలు చూసిన చూపుకు లోపలికి పోయాడు. కుట్టు వేయడానికి పుష్పం చొక్కా అంచు పైకెత్తింది. పంట్లాం అంచుకు పైన, నడుము చుట్టూ, కొత్త నల్లతాడు కనిపించింది.

ఎప్పుడు కట్టుకున్నాడో ఆమెకు తెలియదు. అడగలేదు. కళ్ళు మసకబారి సూది రెండుసార్లు వేలికే గుచ్చుకుంది. రక్తం గుడ్డకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ గట్టిగా కుట్టి, దారం పళ్ళతో కొరికింది.

"ఇప్పుడు సరి," అంది.

లక్ష్మణన్ చొక్కా సవరించుకున్నాడు. వీధిలో అప్పుడే ఇద్దరు ముగ్గురు గుమికూడారు. ఆయన గొంతు తగ్గించాడు. "వాళ్ళు నవ్వుతారేమో పుష్పం."

"నవ్వనీ బావా. నేను చూసినాను గదా."

ఆయన వీధిలోకి దిగాడు. పుష్పం గడప దాటి బయటికి వచ్చి, మొగుడు మలుపు తిరిగేదాకా ఎండలో నిలబడి చూసింది.