మ్యాచ్‌కి ముందు ఒక తిట్టు

లుడోవిక్ తూర్తియేర్ అనే మాంసం రొట్టె ముక్కను నోటి దాకా తెచ్చుకునేసరికి ఒక జత స్కేట్స్ అతని బల్ల మీద ధబ్బున పడ్డాయి.

మ్యాచ్‌కి ఇంకా గంటన్నర టైముంది. షికూటిమి ఊరి ఐస్ రింకులో, ఆటగత్తెల గదికి వెళ్లే దారి పక్కన, స్కేట్స్ బ్లేడ్లకు సాన పట్టే చిన్న కొట్టు అతనిది. అతనిదంటే వాళ్ల అత్త రెజాన్‌ది. మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆవిడ ఇంట్లో కూర్చోవడంతో, వారం కిందటే మేనల్లుడు సాన చక్రం ముందుకు వచ్చాడు.

స్కేట్స్ పడేసిన అమ్మాయి పేరు నొయెమీ. ఊరి మహిళల ఐస్ హాకీ జట్టులో జీతానికి ఆడుతుంది. కానీ ఆ సీజన్లో పంతొమ్మిది మ్యాచ్‌లు ఆడి ఒక్క గోలూ కొట్టలేదు. వసంతం వస్తే ఆమె ఒప్పందం ముగిసిపోతుంది. ఇవేవీ లుడోవిక్‌కి తెలియవు. అతనికి పట్టిందల్లా, తన తిండి పక్కన చెమట వాసన కొట్టే స్కేట్స్ పడ్డాయని.

"వీటికి సాన పట్టింది మీరేనా?" అంది.

"నేనే."

"గాడి అర అంగుళం ఉండాలని చీటీ రాసిచ్చాను. ఇది అర అంగుళం కాదు."

బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుంది; అర అంగుళమన్నది దాని వంపు కొలత. లోతెక్కువైతే ఐసును పట్టుకుంటుంది, తక్కువైతే జారుతుంది. లుడోవిక్ రెండు రోజులు ఆమె ప్రాక్టీసు చూసి, ఎవరూ అడగకుండానే లోతు తగ్గించాడు. ఇంకెవరైనా అయితే అక్కడికక్కడే క్షమాపణ అడిగేవాళ్లు. ఆ అలవాటు అతని వంశంలోనే లేదు.

"కాదు, తగ్గించాను," అన్నాడు. "మీరు ఐసు మీద సాగడం లేదు, దాన్ని దున్నుతున్నారు. వేటగాణ్ణి చూసి బెదిరిన దుప్పి పరిగెత్తినట్టుంది మీ స్కేటింగు."

దారిలో పోతున్న జట్టు గోల్‌కీపర్ రొక్సాన్ ఆగిపోయింది. నొయెమీ మాత్రం బల్ల మీదికి వంగింది. అతని చేతిలోంచి తూర్తియేర్ ముక్క తీసుకుని, మాంసం, బంగాళాదుంప, కరకరలాడే అంచుతో సహా చెత్తబుట్టలో పడేసింది.

"మీ మొహం మళ్లీ చూడను," అని చెప్పి స్కేట్స్ పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె మూడు గోల్స్ కొట్టింది, జట్టు గెలిచింది. మూడో గోల్‌కి ఆనవాయితీ ప్రకారం జనమంతా టోపీలు తీసి ఐసు మీదికి విసిరారు. లుడోవిక్ కూడా విసిరాడు. అది అత్త అల్లిచ్చిన కొత్త టోపీ అని ఇంటికి వెళ్లాకే గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే రొక్సాన్ కొట్టుకు వచ్చింది. ఆరడుగుల మనిషి. ఎడమ సాక్సు ముందు తొడిగితేనే బయటికి వస్తుంది, ఐసు మీద గీసిన గీతలు తొక్కదు, తన కర్రను ఎవరైనా ముట్టుకుంటే కొత్తది తెప్పిస్తుంది. హాకీ వాళ్లకిది పిచ్చి కాదు, క్రమశిక్షణ. గెలుస్తున్నంత కాలం ఏదీ మార్చకూడదు. రెండు నెలలు సాక్సులు ఉతకని వాళ్లను ఆ ఊళ్లో గౌరవంగానే చూస్తారు, కాస్త దూరం నుంచి.

ఆమె షరతులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ప్రతి మ్యాచ్‌కీ గంటన్నర ముందు అతను అదే చోట కూర్చోవాలి. చేతిలో అదే తూర్తియేర్ ఉండాలి. అవే మాటలు అనాలి, 'మీరు' అనే అనాలి. నొయెమీ ముక్క లాక్కుని బుట్టలో వెయ్యాలి.

"ఇంకొకటి," అంది. "నిన్న మీ ఇద్దరికీ పరిచయం లేదు. కాబట్టి ఇకమీదట కూడా ఉండకూడదు."

"ఎప్పటిదాకా?"

"ఓడిపోయేదాకా."

లుడోవిక్ నవ్వి సరేనన్నాడు. అప్పటికి అతనికి పోయేదేమీ లేదు మరి.

రెండో మ్యాచ్ గెలిచారు. మూడోది గెలిచారు. రెజాన్ అత్త వండిన ముక్కలు వరసగా బుట్టలోకి పోతున్నాయి. పారేయడానికే అయితే మాంసం తక్కువ వేస్తానని ఆవిడ కబురు పంపితే, పాళ్లు మారకూడదని రొక్సాన్ తిప్పి కబురు పంపింది.

మూడోసారి తిట్టేటప్పుడు లుడోవిక్ నొయెమీ గడ్డం మీద చిన్న మచ్చ చూశాడు. ఐదోసారి ఆమె నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కోవడం చూశాడు. ఏడోసారి ఆమె ముక్కను బుట్టలో విసరలేదు, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దించింది. ఆ రోజు అతనికి విషయం అర్థమైపోయింది. తను ప్రేమలో పీకల్లోతు మునిగిపోయాడు. మునిగిపోయి, దుప్పి అని తిడుతూ కూర్చున్నాడు.

ఊరు చిన్నది. ఒక మంగళవారం కిరాణా దుకాణంలో గుడ్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. అపరిచితులు కదా, అతను పక్కకు తప్పుకున్నాడు. నొయెమీ అటూ ఇటూ చూసి, గుడ్ల అట్టపెట్టెతో మాట్లాడింది.

"ఆ గాడి చాలా బాగుంది. అర అంగుళం నాకు మొదటి నుంచీ తప్పే. ఎవరికీ చెప్పకు."

లుడోవిక్ వెన్న పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. "వెన్నా, నీకో సంగతి చెప్పనా? ఆ దుప్పి మాట ఉత్తదే."

ఆ తరవాత ప్రతి మంగళవారం గుడ్లకూ వెన్నకూ బోలెడు కబుర్లు చేరాయి. ఆమె ఊరు రోబెర్వాల్ అని, నాన్న రంపపు మిల్లులో పని చేస్తాడని, మ్యాచ్ ముందు రాత్రి తనకు నిద్ర పట్టదని అతను గుడ్ల ద్వారా తెలుసుకున్నాడు. ఫైనల్ అయ్యాక గాని ఒప్పందం సంగతి తేల్చనని మేనేజరు అన్నాడట. ఇక్కడ కాదంటే స్వీడన్‌లో ఒక జట్టు పిలుస్తోందట. అందుకే అతను ప్రేమ సంగతి ఎత్తకుండా నోరు కట్టేసుకున్నాడు. నోరు విప్పితే గెలుపుల వరస తెగుతుంది, వరస తెగితే ఆమె స్వీడన్ వెళ్లిపోతుంది. విప్పకపోతే జీవితాంతం వెన్నతో మాట్లాడుకోవాలి.

ఆ వరస తెగకుండానే జట్టు ఫైనల్‌కి చేరింది. ముందు రోజు మ్యాచ్‌లో అరిచి అరిచి లుడోవిక్ గొంతు పోయింది. మధ్యాహ్నం నొయెమీ వచ్చి స్కేట్స్ ధబ్బున వేసింది. అతను నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

రొక్సాన్ మొహం పాలిపోయింది. తేనె వచ్చింది, వేడినీళ్లు వచ్చాయి. ఎవరో మెడకు వెచ్చటి తువ్వాలు చుట్టారు. అతని బదులు తను తిడితే చెల్లుతుందా అని రొక్సాన్ జట్టునంతా అడిగింది. చెల్లదన్నారు. రాసి చూపిస్తే చెల్లుతుందా అన్న దాని మీద వాదన పది నిమిషాలు నడిచి, చెల్లుతుందని తేలింది.

కర్రలకు చుట్టే తెల్ల టేపు ఒక మూర కత్తిరించి బల్ల మీద అంటించారు. లుడోవిక్ పెన్ను తీసుకుని ఆమె వంక చూశాడు. నొయెమీ స్కేట్స్ లేసును వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టుకుంటోంది. ఇంత భయపడుతున్న మనిషిని ఇంకోసారి తిట్టడం అతని వల్ల కాలేదు. తల వంచుకుని గబగబా రాశాడు.

'నువ్వు ఆడుతుంటే చూడడం నాకిష్టం. ఓడినా ఇష్టమే. స్వీడన్ వెళ్లినా ఇష్టమే. నువ్వంటే ఇష్టం.'

ఆమె చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఏం రాశాడు?" అని వెనక నుంచి రొక్సాన్ అడిగింది.

"దుప్పి అనే," అంటూ నొయెమీ టేపు పీకి గుప్పిట్లో పెట్టుకుంది. తూర్తియేర్ అందుకుని, పెద్ద కొరుకు కొరికి, మిగిలింది బుట్టలో వేసింది. గదంతా కొయ్యబారిపోయింది.

"ఆకలేసింది," అంది నోటి నిండా పెట్టుకుని.

ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా గెలుపు గోల్ ఆమే కొట్టింది. కప్పు వచ్చింది. రెండేళ్ల కొత్త ఒప్పందం మీద మేనేజరు ఐసు మీదే సంతకం పెట్టించాడు. సంతకం పెట్టీ పెట్టగానే ఆమె స్కేట్స్ విప్పకుండానే టకటకా కొట్టుకు వచ్చి, నలిగిన టేపు అతని ముందు పరిచింది.

"ఇది నాకా, వెన్నకా?"

గొంతు లేని మనిషి ఏం చెబుతాడు? ఆమె వైపు వేలు చూపించాడు. ఆమె ఆ వేలు పట్టుకుని వదల్లేదు.

వెతుక్కుంటూ వచ్చిన రొక్సాన్ టేపు చదివింది. ఇప్పుడిక తిట్లు తప్పవని ఇద్దరూ సిద్ధపడ్డారు. రొక్సాన్ మాత్రం లెక్క వేసుకుంటోంది.

"అయితే మనల్ని గెలిపించింది ఇదన్నమాట," అంది చివరికి. "వచ్చే సీజన్ నుంచి ఇదే. ప్రతి మ్యాచ్‌కీ ఇవే మాటలు, ఇదే టేపు. ఒక్క కొరుకు, మిగతాది బుట్టలో. ఇంకో సంగతి. ఇవాళ్టికి మీకు నిశ్చితార్థం కాలేదు కాబట్టి, ఓడేదాకా అది కూడా కాకూడదు."

కొత్త సీజన్ మొదలైంది. ప్రతి మ్యాచ్‌కీ ప్రేమలేఖ రాసే భాగ్యం ఎందరికి దక్కుతుంది? కానీ జట్టు ఓడనంటోంది. పది మ్యాచ్‌లు, పదిహేను మ్యాచ్‌లు. గెలిచిన ప్రతిసారీ ఊరు ఊరంతా గంతులేస్తుంటే వీళ్లిద్దరూ మొహాలు వేలాడేసుకునే వాళ్లు. లుడోవిక్ కొన్న ఉంగరం సాన బల్ల సొరుగులో ఇనుప రజను పట్టిపోతోంది. రోబెర్వాల్ నుంచి ఆమె తల్లి వారం వారం ఫోన్ చేసి, మీరు ఎప్పుడు ఓడతారే అని అడుగుతోంది.

ఒక ఆదివారం లుడోవిక్ ఉండబట్టలేక బయటపెట్టాడు. నిన్న సాన పడుతుంటే, ఓడిపోవడానికి బ్లేడు ఒక్క వెంట్రుకవాసి వంకరగా పడితే చాలు కదా అనిపించిందట.

"అలా పట్టావా?" అంది నొయెమీ.

"చెయ్యి రాలేదు."

"నాకు నిన్న ఖాళీ గోల్ దొరికింది. ఎదురుగా ఒక్కరూ లేరు. కొట్టకపోతే పోయేదేముందిలే అనుకున్నాను."

"మరి?"

"కొట్టేశాను," అంటూ కళ్లు తుడుచుకుంది. "నా వల్ల కాదు లుడో. ఆ పని నా వల్ల కాదు."

అతనికి ఆ క్షణంలో ఆమె మీద పుట్టిన ప్రేమ ఏ టేపు మీదా పట్టేది కాదు.

ఫిబ్రవరిలో, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుతో మ్యాచ్. స్కోరు చెరొకటి. ముప్ఫై ఒక్క షాట్లు రొక్సాన్ ఆపేసింది. ఆఖరి నిమిషంలో అవతలి అమ్మాయి ఒకతె, అలసిపోయి బెంచీకి పోతూ, పోయేదేముందని సగం మైదానం అవతలి నుంచి పక్‌ను, ఆ రబ్బరు బిళ్లను, ఇటు నెట్టింది. అది ఎవరికీ తొందర లేనట్టు జారుకుంటూ వచ్చింది. మూడు వేల మంది చూస్తుండగా రొక్సాన్ కాళ్ల మధ్య నుంచి లోపలికి పోయింది.

రొక్సాన్ వెనక్కి తిరిగి, వలలోంచి పక్ తీసి, దాన్ని తిప్పి తిప్పి చూసింది.

మ్యాచ్ అయ్యాక జనం తలలు వంచుకుని ఇళ్లకు పోయారు. కొట్టులో నొయెమీ, లుడోవిక్ ఎంతో కష్టపడి దిగులు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. రొక్సాన్ ఒంటి మీద సరంజామాతోనే వచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఐసు బాగాలేదు," అంది.

"అస్సలు బాగాలేదు," అన్నారిద్దరూ.

"లైటు కళ్లలో పడింది."

"పడే ఉంటుంది."

రొక్సాన్ వంగి కాలి ప్యాడు పట్టీలు ఒక్కొక్కటే విప్పుకోసాగింది. వాళ్ల వంక చూడలేదు.

"ఆ ఉంగరం ఏదో కానియ్యి నాయనా," అంది. "శనివారం నుంచి మళ్లీ గెలవాలి. నేను మాటిమాటికీ ఓడిపోలేను."

లుడోవిక్ సొరుగు లాగేసరికి, నొయెమీ ఎడమ చేతి గ్లవ్‌ను పళ్లతో పట్టుకుని లాగేస్తోంది.