నీలం గీత దాటిన తొమ్మిది ఇళ్లు

నలభై ఇళ్ల లేఅవుట్ మీద ఎవరో నీలం పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీసి ప్లానింగ్ ఆఫీసు నుంచి తిప్పి పంపారు. గీతకి కింద చిక్కుకున్న ఇళ్లు లెక్కపెడితే తొమ్మిది.

ఆ ప్లాన్ వేసిన కుర్ర ఆర్కిటెక్టుకి ఒళ్లు మండిపోయింది. మూడు నెలల కష్టం. పైగా ఇళ్లు కట్టిస్తున్నది స్వయానా మేనమామ. ఎవరికి ఏ ఇల్లో అప్పుడే మాటిచ్చేసి కూర్చున్నాడు. కుర్రాడు ఆ ఆఫీసుకి వెళ్లి, మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, వరద విభాగం అని రాసున్న గది తలుపు తోశాడు.

లోపల ఒకమ్మాయి కుర్చీ ఎక్కి గోడకి పెద్ద మ్యాపు అంటిస్తోంది. పళ్ల మధ్య టేపు ముక్క ఉండటంతో మాట్లాడలేక, ఆ కొస కాస్త పట్టుకోమని కళ్లతోనే సైగ చేసింది. అతను పట్టుకున్నాడు. పట్టుకున్నాక గాని గుర్తు రాలేదు, తాను పోట్లాడటానికి వచ్చానని.

"ఈ గీత ఎవరు గీశారండీ?"

"నేనే," అంటూ ఆమె కిందికి దిగింది. "పెద్ద వరద వస్తే నీళ్లు అక్కడిదాకా వస్తాయి. గీత లోపల కొత్త ఇళ్లకి పర్మిషన్ ఇవ్వకూడదని పాలసీ."

"వాగు ఎక్కడో అర కిలోమీటరు అవతల ఉంది మేడమ్. మా స్థలంలో ఇళ్లు వస్తున్నాయని దానికేం తెలుసు?"

"తెలీదనే నా భయం కూడా. మీ లేఅవుట్ దానికి చూపించలేదుగా," అందామె నవ్వకుండా.

అతనికే నవ్వొచ్చింది. దాన్ని దాచుకోవడానికి నానా తంటాలు పడి బయటపడ్డాడు.

తర్వాత ఆ గదికి చాలాసార్లు వెళ్లాడు. మొదట వాదించడానికి, తర్వాత అర్థం చేసుకోవడానికి, ఆ తర్వాత ఈమెయిల్లో అడిగితే సరిపోయే ప్రశ్నలు పట్టుకుని. ఆమె ఆ గీతని కంప్యూటర్ లెక్కలతో మాత్రమే గీయలేదని అప్పుడే తెలిసింది. వాగు పొడుగునా ఇల్లిల్లూ తిరిగి, పాత వరదల్లో నీళ్లు ఎంతెత్తు వచ్చాయని ముసలివాళ్లని అడిగి, వాళ్లు చూపించిన చోటల్లా గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి కొలిచిందట. ఒక పెద్దావిడ మంచం ఎక్కి చూపించిందని చెప్పింది. పాతికేళ్ల మనిషికి ఇంత ఓపిక ఎక్కడిదని అతను నోరు తెరుచుకుని విన్నాడు. మేనమామ మాత్రం కాగితం మీద గీతకి భయపడి ఇళ్లు తీసేసేది లేదని భీష్మించుకున్నాడు.

వానాకాలం వచ్చింది. మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. మీ మామయ్యగారిని తీసుకుని స్థలం దగ్గరికి రమ్మంది.

వాన అప్పుడే వెలిసింది. స్థలంలో రెండు వరసలుగా కర్రలు పాతి ఉన్నాయి. పల్లంలో వాటికి తెల్ల రిబ్బన్లు, మెరక వైపు వాటికి నీలం రిబ్బన్లు. పదకొండు గంటలకి నీళ్లు తెల్ల కర్రల దగ్గరికి వస్తాయని చెప్పింది ఆమె. మేనమామ పచ్చిక వైపు చూసి, నీళ్లెక్కడున్నాయమ్మా అని నవ్వాడు.

నీళ్లు హోరుమంటూ వస్తాయనుకున్నాడు అతను. చప్పుడే లేదు. ముందు గడ్డి మొదళ్లలో ఏదో తళుక్కుమంది. తర్వాత అక్కడా ఇక్కడా నేల అద్దంలా మెరిసింది. ఆ మెరుపులు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ కలిసిపోయాయి. చీమలు బారులు తీరి కర్రలెక్కాయి. చూస్తుండగానే అంత మైదానమూ ఆకాశం రంగుకి తిరిగింది. తెల్ల కర్రల పాదాలు తడిపి నీళ్లు ఆగినప్పుడు అతను వాచీ చూసుకున్నాడు. పదకొండుకి ఇంకా నాలుగు నిమిషాలుంది.

సరిగ్గా ఆ చోట, తన ప్లాన్‌లో పిల్లలు పడుకునే గది ఉంది.

"ఇది పదేళ్లకోసారి వచ్చేది," అందామె మెల్లగా. "నీలం కర్రలదాకా వచ్చేది వేరే ఉంది."

మేనమామ తెల్ల కర్రల్నించి నీలం కర్రలదాకా చూశాడు. మళ్లీ చూశాడు. నవ్వు ఎప్పుడో పోయింది. "ఒరేయ్, ఆ తొమ్మిదీ తీసెయ్. మాటిచ్చినవాళ్లకి నేను చెప్పుకుంటాను," అని వెనక్కి తిరిగాడు.

అతను ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లలో గెలిచానన్న గర్వం లేదు. నీళ్లని మొదటిసారి చూస్తున్నదానిలా నిలబడిపోయింది.

"లెక్క కట్టింది నేనే. అయినా వస్తుంటే ప్రతిసారీ ఇలాగే అయిపోతాను," అంది.

ఆ క్షణాన తన మనసు ఎక్కడుందో అతనికి తెలిసిపోయింది.

కొత్త ప్లాన్‌లో పల్లపు నేలనంతా నీళ్లకే వదిలేశాడు. కప్పుల మీద పడిన వాన ఒక్కసారిగా దిగువ వాళ్ల మీద పడకుండా ఒక చెరువు వేశాడు. ముప్ఫై ఒక్క ఇళ్లూ మెరక మీదికి వెళ్లాయి. ఇన్నాళ్లలో అంత ఇష్టంగా ఏ ప్లానూ గీయలేదు. ఆమె చూసి ఏమంటుందోనని ఎదురు చూశాడు.

ఆమె ఏమీ అనలేదు. ఫోన్ చేస్తే, మీ ఫైలు పెద్ద ఆఫీసరుగారి దగ్గరుంది, ఆయన్నే అడగండి అని ముక్తసరిగా చెప్పి పెట్టేసింది. తాను ఏం తప్పు చేశానా అని అతను వారం రోజులు మథనపడ్డాడు.

పెద్దాఫీసరు తల నెరిసిన మనిషి. ప్లాన్ బాగుందనీ, పర్మిషన్ ఇచ్చేశాననీ చెప్పాడు. ఆమె ఈ ఫైలు ఎందుకు వదిలేసిందని అడిగితే, కళ్లజోడు సర్దుకుని ఫైల్లోని చివరి కాగితం తిప్పి చూపించాడు. ఆమె చేతిరాత. వరద చూసిన మర్నాటి తేదీ.

'ఈ ఆర్కిటెక్టు విషయంలో నేను పక్షపాతం లేకుండా ఉండగలనన్న నమ్మకం లేదు. కారణం వ్యక్తిగతం. ఫైలు వేరొకరికి అప్పగించగలరు.'

"ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇలాంటి నోటు చూడలేదు," అన్నాడాయన. "కోపమో మరొకటో నేను అడగలేదు. మీరే అడగండి. ఇప్పుడు వాగు వంతెన దగ్గరుంటుంది."

ఆమె వంతెన మీద, నీటిమట్టం కొలిచే స్కేలు మీదికి వంగి అంకెలు రాసుకుంటోంది. అతను పరుగున వచ్చి ఆయాసపడుతూ ఆగాడు.

"నా మీద కోపమా?"

ఆమె రాస్తున్న అంకె పూర్తి చేసింది. "కోపమైతే ఫైలు నా దగ్గరే ఉంచుకునేదాన్ని."

కింద వాగు నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది.

"పర్మిషన్ వచ్చేసింది," అన్నాడు అతను. "ఇంక మీ ఆఫీసుకి రావడానికి నాకు కారణమేం లేదు."

ఆమె నోటుబుక్ మూసింది. చెవులదాకా ఎర్రబడింది.

"కారణం లేకుండానే రండి," అంది.