హెల్మెట్ మీద కెమెరా

పిట్ట పరిగెడుతోంది.

రన్‌వే మీద విమానం అప్పటికే కదులుతోంది. పొద్దు కుంకింది. వెలుతురు ఇంకాసేపే ఉంటుంది.

వీపు మీద పారాచూట్ బ్యాగు. రెండు చేతులతో గుండెకి అదుముకున్న హెల్మెట్. దాని నెత్తిన స్క్రూలతో బిగించిన స్టిల్ కెమెరా.

ఒక్కసారి వెనక్కి చూసింది.

గేటు దగ్గర ఇద్దరు కొత్త మనుషులు. బయటికి వెళ్లే ప్రతి బండినీ ఆపుతున్నారు. డిక్కీ తెరిపిస్తున్నారు. సీట్ల కింద టార్చి వేస్తున్నారు.

ఈ కెమెరా కోసమే!

ఉన్న సత్తువంతా కూడగట్టుకుని ఎగిరింది. తలుపు అంచు దొరికింది. లోపలికి పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. హెల్మెట్‌కి మాత్రం దెబ్బ తగలనివ్వలేదు.

పైలట్ సీట్లోంచి బావ తల తిప్పాడు.

"కెమెరా ఉందా?"

"ఉంది బావా. పోనీ."

విమానం వేగం అందుకుంది. అంతలో తలుపులోంచి ఇంకో మనిషి వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడ్డాడు.

మాస్టారు!

ఆమెకి ఆకాశంలోంచి దూకడం నేర్పిన మనిషి. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. ఆయన వీపు మీదా పారాచూట్ ఉంది. రొప్పుతున్నాడు. చూపు మాత్రం ఆమె ఒళ్లో ఉన్న హెల్మెట్ మీదే ఉంది.

పిట్ట హెల్మెట్‌ని ఇంకా దగ్గరికి లాక్కుంది.

ఆ సాయంత్రం దాకా అన్నీ మామూలుగానే ఉన్నాయి. విమానంలోంచి దూకే వాళ్లకి ఫొటోలు తియ్యడం పిట్ట ఉద్యోగం. ఎముకల పోగులా ఉంటుందని స్కైడైవింగ్ క్లబ్బులో అందరూ పెట్టిన పేరు పిట్ట. తల మీద కెమెరా, పళ్ల మధ్య చిన్న స్విచ్. కొరికితే ఫొటో పడుతుంది. చేతులతో పనే లేదు.

చివరి కస్టమర్ ఫొటోలు అయిపోయాయి. పారాచూట్ కింద తాపీగా దిగుతూ, విమానాలుంచే హ్యాంగర్ వెనక్కి చూసింది.

ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో ఇనుప రాడ్. అది లేచింది... దిగింది... రెండోవాడు కుప్పకూలాడు.

ముఖాలు ఆనలేదు. అంత ఎత్తు. కానీ పళ్లు వాటంతటవే బిగిశాయి.

క్లిక్. క్లిక్. క్లిక్.

ఆ కంగారులో నేలకి దిగేటప్పుడు కాళ్లు తడబడి బోర్లా పడింది. కెమెరా వెనక స్క్రీన్ పగిలింది. మెమరీ కార్డు మూత వంగి ఇరుక్కుపోయింది. గోళ్లు విరిగేలా లాగినా రాలేదు. కార్డు లోపలే ఉండిపోయింది. హంతకుడి ముఖం కూడా!

కాసేపటికి హ్యాంగర్ వెనక బాబాయి శవం దొరికింది. క్లబ్బులో పారాచూట్లు మడిచే మనిషి. అందరికీ బాబాయే. నిచ్చెన మీంచి జారిపడ్డాడని ఎవరో అన్నారు. నిచ్చెన కూడా పక్కనే పడి ఉంది. అందరూ అయ్యో అన్నారు.

పిట్ట మాత్రం ఆఫీసులోకి వెళ్లి ల్యాండ్‌లైన్ నుంచి అక్కకి ఫోన్ చేసింది.

అక్క పోలీసు ఇన్‌స్పెక్టర్. అంతా విని, గేటు వైపు పోవద్దంది. మూతని బలవంతంగా లాగొద్దంది, కార్డు విరిగితే కేసు కూడా విరిగినట్టేనంది. బావకి తప్ప ఎవరికీ చెప్పొద్దంది. ఏటి అవతల మైదానంలో జీపుతో ఉంటానంది. అక్కడ బురద, విమానం దిగదు. దూకెయ్యమంది.

బావ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మడిచి సిద్ధంగా ఉన్న బ్యాగొకటి తెచ్చి, తనే ఆమె వీపుకి తగిలించి, పట్టీలు బిగించాడు.

ఇప్పుడు విమానం పైకి పోతోంది. చెవులు దిబ్బడేస్తున్నాయి.

పిట్ట కెమెరాకి రబ్బరు తొడుగు వేసింది. అంచుల చుట్టూ టేపు చుట్టింది. జాకెట్లో దోపుకుందామంటే ఛాతీ పట్టీల మధ్య చోటు లేదు. గాలి దెబ్బకి జారిందంటే అంతే సంగతులు. తల మీదే భద్రం. పెట్టుకుని పట్టీ బిగించింది.

భద్రమే కానీ, అక్కడే ప్రమాదం కూడా. తెరుచుకునే పారాచూట్ తాడుకి తల మీది కెమెరా కొక్కెంలా దొరుకుతుంది. అందుకే గడ్డం కింద ఒక పిడి ఉంటుంది. తాడు చిక్కుకుంటే అది లాగాలి. హెల్మెట్ ఊడిపోతుంది. మనిషి దక్కుతుంది.

కెమెరా పోతుంది.

మాస్టారు మోకాళ్ల మీద ముందుకి జరిగాడు. ఇంజన్ హోరులో అరిచాడు.

"అమ్మాయ్! ఒక్కసారి వెనక్కి తిరుగు!"

పిట్ట తిరగలేదు. వీపు గోడకి ఆనించింది. ఇంకా గట్టిగా ఆనించింది.

వెనక్కి తిరిగితే ఏం చేస్తాడు? హెల్మెట్ లాగేస్తాడా? తలుపులోంచి తోసేస్తాడా?

ఎదురుగా గ్రీన్ లైటు వెలిగింది. బావ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

పిట్ట తలుపు దగ్గరికి పాకింది. కింద సన్నగా ఏరు. అవతల మసక మైదానం. అందులో చిన్న వెలుగు... అక్క జీపు!

వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. బలంగా.

ఆ చేతిని విదిలించుకుని దూకేసింది.

గాలి!

చెంపల మీద, కళ్ల మీద, కెమెరా మీద కొడుతోంది. తల ఒక పక్కకి లాగేస్తోంది. మెడ బిగబట్టింది. కిందికి చూసింది. పక్కకి చూసింది. పైకి చూసింది...

మాస్టారు!

చేతులు ఒంటికి అతికించుకుని, తలకిందులుగా, రాయిలా వస్తున్నాడు. ఆమె కాలు దొరకబుచ్చుకున్నాడు. పిట్ట రెండో కాలితో ముఖం మీద తన్నింది. ఆయన కళ్లద్దాలు ఎగిరిపోయాయి. పట్టు వదల్లేదు. ఎదురుగా వచ్చాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. తన వీపు చూపించాడు. మళ్లీ ఊపాడు.

ఏమిటి? ఇవ్వమంటున్నాడా? ఇవ్వకపోతే చంపుతానంటున్నాడా?

ఇంక ఆగలేదు. మెయిన్ పారాచూట్ పిడి లాగి గాలిలోకి విసిరింది.

తెరుచుకోవాలి.

తెరుచుకోలేదు!

భుజం మీదుగా చూసింది. పెద్ద పారాచూట్‌ని బయటికి లాగాల్సిన పిల్ల పారాచూట్ గాలిలో వట్టినే కొట్టుకుంటోంది. దాని పట్టీ ఆమె తొడ పట్టీలోంచి దూర్చి ఉంది. ముడి వేసి మరీ! పొరపాటున పడే ముడి కాదది.

మాస్టారు ఊపిన చేతులకి అర్థం అప్పుడు తెలిసింది. ఇవ్వు అని కాదు. లాగొద్దు అని!

నేల పెద్దదవుతోంది. చెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఛాతీ మీద రెండో పిడి. ఆపదకని ఉంచే రిజర్వ్ పారాచూట్‌ది. లాగింది.

ఫట్‌మని తెరుచుకుంది. ఆ కుదుపుకి మెడ విరిగిందనుకుంది. మరుక్షణం తల పైకి, పక్కకి గుంజుకుపోయింది.

తాడు కెమెరా కింద చిక్కుకుంది!

పారాచూట్ ఒక మూల ముడుచుకుపోయింది. బొంగరంలా తిరగడం మొదలెట్టింది. జీపు... ఏరు... ఆకాశం... జీపు...

చెయ్యి గడ్డం కిందికి పోయింది. పిడి వేళ్లకి తగిలింది. లాగితే చాలు. అక్కే ఉంటే లాగెయ్యమని తిట్టేది.

కానీ లాగితే బాబాయి నిచ్చెన మీంచి జారిపడినట్టే. ఎప్పటికీ అంతే.

పిడి వదిలేసింది.

తొడ దగ్గరి జేబులోంచి చిన్న కత్తి తీసింది. తల మీద బిర్రుగా ఉన్న తాడు తడిమి పట్టుకుంది. వేరే తాడు తెగితే ఇంక లేవాల్సిన పనిలేదు. ఒక్కసారి ఊపిరి బిగబట్టి కోసేసింది.

తల తేలికైంది. పారాచూట్ ఒకసారి తూలింది. వణికింది. నిలబడింది. వంకరగా, కుంటుకుంటూ, దిగుతోంది.

నేల ముంచుకొచ్చింది. కాళ్లు చాపి దిగే తీరిక లేదు. రెండు చేతులూ హెల్మెట్ చుట్టూ వేసి, ముడుచుకుని, పక్కకి పడింది. భుజంలో ఏదో పుటుక్కుమంది.

బురద. నొప్పి. తల మీద తడుముకుంది.

కెమెరా ఉంది!

"అక్కడే ఆగండి!"

అక్క గొంతు. రివాల్వర్ పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. గురి పిట్ట వెనక దిగిన మాస్టారి మీద ఉంది. ఆయన పెదవి చిట్లి రక్తం కారుతోంది. చేతులు పైకెత్తాడు.

"ఆ బ్యాగు ఎవరిచ్చారు నీకు?" అక్కని కాదు, పిట్టని అడిగాడు.

పిట్ట తొడ పట్టీలోని ముడి తడుముకుంది.

ఆయనే చెప్పాడు. విమానంలో ఎవరికీ తెలియకుండా మత్తుమందు పొట్లాలు తిరుగుతున్నాయని పొద్దునే బాబాయి ఆయనతో అన్నాడు. ఎవరి పనో రేపు చెప్తానన్నాడు. రేపు దాకా ఉండలేదు. ఈ అమ్మాయి ఒంటరిగా విమానం ఎక్కడం చూసి, మనసు ఒప్పక వెంటపడ్డాడు. ఆ పట్టీ సంగతి విమానంలో ఓరగా కనబడి అనుమానం వచ్చింది.

"ఎవరే ఇచ్చింది?" ఈసారి అడిగింది అక్క.

"బావ."



అక్క హెల్మెట్ అందుకుంది. జీపు బానెట్ మీద పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో వంగిన మూతని కొంచెం కొంచెంగా లేపింది. కార్డు బయటికొచ్చింది. జీపులోని ల్యాప్‌టాప్ తీసి అందులో పెట్టింది.

మొదటి ఫొటో మసక. రెండోది మసక.

మూడోది స్పష్టంగా ఉంది.

కింద బాబాయి. పైన రాడ్ పట్టుకున్న మనిషి. మెడలో పైలట్ హెడ్‌సెట్. గాలిలో పారాచూట్ చప్పుడు విన్నాడు కాబోలు, తలెత్తి నేరుగా పిట్ట వైపే చూస్తున్నాడు.

కస్టమర్లు ఇంకా గాలిలో ఉండగానే విమానం నేలకి దిగిపోతుంది. రోజూ అంతే. ఆ ముక్క పిట్టకి తట్టనే లేదు. గేటు దగ్గర మనుషుల్ని పెట్టిందీ అతనే అయ్యుండాలి.

అక్క రెప్ప వెయ్యకుండా చూస్తోంది. చాలాసేపు చూసింది.

"ఇది ఇంకెవరైనా చూశారా?"

ఆ గొంతు పిట్టకి కొత్తగా వినిపించింది.

"లేదక్కా. మనమే."

అక్క ల్యాప్‌టాప్ మూసేసింది. కార్డు బయటికి లాగింది. గుప్పిట్లో పట్టుకుంది. గుప్పిట బిగిసింది. ఏరు అక్కడికి చాలా దగ్గర.

పిట్ట ఆమె వైపు ఒక అడుగు వేసింది.

అక్క ఆమె చెయ్యి లాక్కుంది. అరచేతిలో కార్డు పెట్టి, తనే వేళ్లు మూసింది.

"నీ దగ్గరే ఉంచు. నేను అడిగినా ఇవ్వకు."

అప్పుడే మోత వినిపించింది. మైదానం పక్కనున్న ఇరుకు తారు రోడ్డు మీదికి, తెగించి, విమానం దిగుతోంది!

ఆగింది. తలుపు తెరుచుకుంది. బావ దిగి గబగబా వస్తున్నాడు.

"పిట్టకి ఏం కాలేదు కదా? పైనుంచి చూసి హడలిపోయాను. కెమెరా జాగ్రత్తేనా?"

అక్క రివాల్వర్ తీసి అడ్డంగా నిలబడింది.

"చేతులు పైకెత్తు."

బావ నవ్వాడు. "ఏమైందే నీకు? నేనే."

నవ్వుతూనే ఆమె ముఖం చూశాడు. మూసిన ల్యాప్‌టాప్ చూశాడు. నవ్వు ఆరిపోయింది. కుడిచెయ్యి మెల్లగా జాకెట్లోకి పోయింది.

"వద్దు," అంది అక్క. "బతిమాలుతున్నాను. తియ్యకు."

తీశాడు.

ఢాం!

బావ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. అతని చేతిలోంచి పిస్టల్ జారి బురదలో పడింది. మాస్టారు ఒక్క గెంతులో వెళ్లి దాన్ని కాలితో తొక్కిపట్టాడు.

అక్క వైర్‌లెస్ తీసింది. అంబులెన్స్ పంపమంది. హత్య కేసులో నిందితుడు దొరికాడంది. సాక్ష్యం భద్రంగా ఉందంది.

"నిందితుడు ఎవరు మేడమ్?" అడిగింది అవతలి గొంతు.

అక్క ఒక్క క్షణం బటన్ వదిలేసింది. మళ్లీ నొక్కింది.

"మా ఆయన."