మొదటి ఎనిమిది అక్షరాలు

గురువారం ఉదయం 5:42కు కోల్డ్ రూమ్ తలుపు తెరుచుకుంది. 7:15 వరకు మూసుకోలేదు. లోపలున్న మందంతా పాడైపోయింది.

ఐర్లండ్‌లో, రింగాస్కిడీలోని ఆ మందుల ఫ్యాక్టరీ డోర్ రిపోర్టులో 5:42కు ఎదురుగా ఒకే మాట ఉంది: గుడిపాటి.

ఆమనిని ఆ రోజే సస్పెండ్ చేశారు. రిపోర్టులో నీ పేరుందన్నారు; కాగితం మాత్రం చూపలేదు. సోమవారం పన్నెండింటికి డిస్మిసల్ లెటర్ వెళ్తుంది. దానితో వర్క్ పర్మిటూ పోతుంది.

ఆ సోమవారం 10:50కు దర్యాప్తు అధికారి దేవకుమారి నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టింది. షిఫ్ట్ మేనేజర్ ఎడ్వర్డ్. ప్రోగ్రామర్ లోకేష్. ఆమని. ఆమెకు తోడుగా, అదే షిఫ్టులో పనిచేసే మరిది కళాధర్.

"ఇంకేముంది తేల్చడానికి?" అన్నాడు ఎడ్వర్డ్. "గుడిపాటి అంటే ఈవిడేగా. మూడేళ్ళుగా అలాగే పిలుస్తున్నాం."

"అది నా ఇంటిపేరని ఎన్నిసార్లు చెప్పాను!" అంది ఆమని.

దేవకుమారి లోకేష్ వైపు తిరిగింది. "రిపోర్టులోకి పేరెలా వస్తుంది?"

"కార్డులోని పూర్తి పేరులోంచి ముక్క కోస్తాను మేడం. సబ్‌స్ట్రింగ్. ప్రోగ్రామింగ్‌లో మొదటి వారం పాఠమే. సున్నా నుంచి ఎనిమిది దాకా."

"అంటే తొమ్మిది అక్షరాలా?"

"కాదండీ. లెక్క సున్నాతో మొదలు, చివరి ఎనిమిది చేరదు. మొత్తం ఎనిమిదే, ఇంగ్లీషులో."

"కోయడమెందుకు?"

"ఫస్ట్ నేమ్ ఒక్కటుంటే చాలు, గ్రాండ్ అన్నారు ఎడ్వర్డ్ గారు. పేరులో ముందుండేది అదేగా అనుకున్నాను."

"నీ పాస్‌పోర్టులో ముందేముంది?"

లోకేష్ తన కోడ్ వైపు చూశాడు. "ఇంటిపేరే, మేడం. కార్డులోనూ అదే వరస."

"5:42 దగ్గర, కోయకముందు ఏ పేరుందో చూపించు."

తెర మీదకు వచ్చింది: గుడిపాటి కళాధర్.

"కల్?" ఎడ్వర్డ్ తెర మీదకు వంగాడు. "కల్ కూడా గుడిపాటేనా?"

"ఈవిడ భర్తకు తమ్ముడు," అంది దేవకుమారి. "అతణ్ణి ముద్దుపేరుతో పిలిచారు, ఈవిడను ఇంటిపేరుతో. యంత్రం అబద్ధమాడలేదు, సగమే చెప్పింది. మిగిలిన సగం తెలిసినవాడు నోరు మెదపలేదు."

ఎడ్వర్డ్ లెటర్‌ను రెండు ముక్కలు చేశాడు. ఆమని అటు చూడలేదు.

"తలుపుకు ట్రాలీ అడ్డం పెట్టి మరిచిపోయా వదినా," అన్నాడు కళాధర్. "చెబితే నా పర్మిటూ పోతుంది కదా... అన్నయ్యకి మాత్రం చెప్పకండి."

"నాలుగు రోజులు నా ఎదురుగా కూర్చుని, నేను వండిందే తిన్నావు కళాధర్," అంది ఆమని. "ముద్ద ఎలా దిగింది?"