గొర్రెల దొడ్డిలో నిమ్మగడ్డి వాసన

తెల్లవారినా మంచు ఇంకా విడవలేదు. మజ్జిగ చిలకబోతూ కవ్వం చేతిలోకి తీసుకున్న మాలకొండమ్మ ఉన్నట్టుండి ఆగిపోయి ముక్కు ఎగబీల్చింది.

"మళ్ళీ మొదలుపెట్టింది!" అంది, గోడకు చెప్పినట్టు. "ఇది గొర్రెల కాపరి ఇల్లా, అత్తరు సాయిబు దుకాణమా?"

లోపలి అరుగు మీద ఆమె మొగుడు కృష్ణయ్య తలమీదుగా గొంగడి కప్పుకుని, పొగలు కక్కే కుండ మీదికి వంగి కూర్చున్నాడు. కోడలు రత్నమ్మ కుండ ఒరగకుండా పట్టుకుని ఉంది. నీళ్ళలో వేసింది ఒక్క చుక్కే, కానీ ఆ నిమ్మగడ్డి నూనె వాసన దూలాల దాకా పాకింది.

"కండ్లు మూసుకో మామా, మండుతాయి."

"మూసుకున్నాలే తల్లీ. అబ్బబ్బ! మొన్నటి నుంచి గడియపెట్టుకున్న ముక్కు ఇప్పుడు తలుపు తీసింది." కృష్ణయ్య గొంగడిలోంచే కేకవేశాడు. "ఏమే, నువ్వు కూడా రా. దగ్గు పోతాది."

"నా దగ్గు నాతోనే ఉండనీ. దానికి వాముంది."

మాలకొండమ్మ మనసు చెడ్డది కాదు, నోటికే గడియ లేదు. కోడలి వంట మెచ్చుకునేది, పని మెచ్చుకునేది. ఆ సీసానే ఆమెకు కంట్లో నలుసు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు సంగతి ఇది. వాళ్ళ ఊరున్న మార్కాపురం తాలూకా అప్పటికి కర్నూలు జిల్లాలోదే. రాజధాని మన జిల్లాకే వచ్చిందని సంతలో మగవాళ్ళు మీసాలు దువ్వుకున్నారు గానీ, ఇంట్లో జలుబు చేస్తే మాత్రం పాత వాము, పాత ఆముదం తప్ప కొత్తగా వచ్చిందేమీ లేదు. అలాంటి ఇంట్లోకి రత్నమ్మ అర్ధవీడు నుంచి కోడలుగా వచ్చింది. ఆమె నాయన కోటయ్య కొండ కింద బట్టీలో పనిచేసేవాడు. పెద్ద రాగి బానల్లో నిమ్మగడ్డి ఉడికించి, ఆవిరి పట్టి, నూనె దించేవాడు. అంపకాలప్పుడు కూతురి చేతిలో ఒక సీసా పెట్టి, "చుక్క చాలు తల్లీ. ఇది నెయ్యి కాదు, నిప్పు. వేరే నూనెలో కలపకుండా ఒంటికి రాయొద్దు, నోట్లోకి అసలే పోనీయొద్దు" అని చెప్పి మరీ పంపాడు.

రత్నమ్మ ఆ మాట తప్పలేదు. ఇల్లు అలికే పేడనీళ్ళలో ఒక చుక్క వేస్తే ఈగలు వాలేవి కావు. తలనొప్పికి నువ్వులనూనెలో కలిపి కణతలకు రాసేది. దోమల కాలంలో గుడ్డపీలికకు అద్ది మంచం కోడుకు కట్టేది. మొగుడు నాగులు మొదట్లో నవ్వినా, ఒళ్ళు నొప్పులకు వీపు చూపించడం అలవాటు చేసుకున్నాడు. అత్త మాత్రం మోకాలు వాచి గోడ పట్టుకుని నడుస్తున్నా, ఆ నూనెను కాలికి తగలనిచ్చేది కాదు.

ఆ పొద్దున నిప్పు కోసం పక్కింటి వెంకటసుబ్బులమ్మ వచ్చింది. వస్తూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంది వదినా ఈ ఘాటు? మీ ఇంట్లో ఎవరికన్నా దెయ్యం పట్టిందా ఏంది, పొగబెడతాండారు?"

"దెయ్యమేం లేదులే. మా వాళ్ళకి జలుబు."

"నా కోడలైతేనా, ఆ సీసా ఎప్పుడో పెంటకుప్పలో ఉండేది. నీ ఇంట్లో నీ మాట చెల్లుతాందా లేదా వదినా?"

నిప్పు తీసుకుని ఆమె పోయింది గానీ, అంతకంటే పెద్ద నిప్పు ఇక్కడ పెట్టిపోయింది. మాలకొండమ్మ కవ్వం పక్కన పడేసింది.

"రత్నమ్మా! ఇదే చివరిసారి చెబుతాండా. ఇంక ఆ నూనె నా ముక్కుకి తగిలిందంటే, సీసాతో పాటు నువ్వు కూడా కంభం రైలెక్కుతావు. మీ నాయన దగ్గరే వాసనలు చూసుకుంటా ఉండు."

"అమ్మా, ఏంది ఆ మాటలు?" అన్నాడు నాగులు.

"నువ్వు మాట్లాడొద్దు. గొర్రెలు తోలుకుని పో."

రత్నమ్మ కుండ తీసుకుపోయి దొడ్డెనక నీళ్ళు పారబోసింది. కళ్ళనీళ్ళు కూడా అక్కడే పారబోసి వచ్చింది.

గొర్రెలు ఈనే ఈతల కాలం అది. తల్లిగొర్రెలు మేతకు పోతే, పిల్లలు సాయంత్రం దాకా దొడ్డిలో తడికల చాటునే ఉంటాయి. ఆ ఏడు వాటికి పిడుదులు పట్టాయి. చెవుల వెనక, చంకల్లో గుత్తులు గుత్తులుగా పట్టి రక్తం పీలుస్తుంటే పిల్లలు కుంగిపోతున్నాయి. నాగులు ఎన్ని ఏరినా తరిగేవి కావు. తల్లి పోయిన పిల్ల ఒకటుంది. దానికి మేకపాలలో గుడ్డవత్తి ముంచి నోట్లో పిండుతుండేది రత్నమ్మ. అది మరీ నీరసంగా పడుకుని ఉంది. బొల్లిమొహం గొర్రె ఇంకొకటుంది, దాని పిల్లను నక్క ఎత్తుకుపోయింది. పోనీ ఆ గొర్రె పాలన్నా దీనికి దక్కుతాయంటే, అది దీన్ని దగ్గరికే రానివ్వదు.

ఆ మధ్యాహ్నం తల్లిలేని పిల్లను ఒళ్ళో పెట్టుకుని పిడుదులు ఏరుతుంటే రత్నమ్మకు ఒక ఆశ పుట్టింది. పుట్టింట్లో ఎద్దులకు పురుగు పడితే నాయన వేపనూనెలో నిమ్మగడ్డి నూనె కలిపి పూసేవాడు. ఈ పిల్లలు గనక తేరుకుంటే, అత్త ఒక్కసారైనా తనవైపు నవ్వు మొహంతో చూడదా? కోప్పడితే పడుతుంది, పిల్లలు గంతులేయడం చూశాక చల్లబడుతుంది. రైలు సంగతి గుర్తొచ్చి చేయి ఒకసారి ఆగింది. పిల్ల మూలిగింది. ఆ చేయి మళ్ళీ కదిలింది.

మాలకొండమ్మ కునుకు తీసి లేచేసరికి రత్నమ్మ ఒక్క పిల్లను కూడా వదలకుండా ఆ కలిపిన నూనె పూసేసింది.

గొర్రెల ఇంట పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేని మాట ఒకటుంది. చెప్పాలని వాళ్ళకు తోచనే తోచదు. రత్నమ్మ గొర్రెల ఇంట పుట్టలేదు.

పొద్దు వాలుతుండగా మంద వచ్చింది. రోజూ ఆ వేళ దొడ్డిలో జాతర చూడాలి! తడిక తీస్తే చాలు, పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తి వాటి వాటి తల్లుల కిందికి దూరిపోతాయి. ఆ రోజూ పరిగెత్తాయి. తల్లులు మూతి దించి వాసన చూసి, ఉలిక్కిపడి వెనక్కి జరిగాయి. ఒకటి కొమ్ముతో కుమ్మింది. ఇంకొకటి కాలితో తన్నింది. పిల్లలు లేచి మళ్ళీ పోయాయి, మళ్ళీ కింద పడ్డాయి. దొడ్డంతా ఒకటే ఏడుపు.

"అమ్మా! తల్లులు పిల్లల్ని రానీడం లేదే!"

నాగులు అరుపుకు మాలకొండమ్మ కుంటుకుంటూ వచ్చింది. ఒక పిల్లను ఎత్తి మొహం దగ్గర పెట్టుకుంది. దాన్ని మెల్లగా దించింది.

"ఎవరు పూసినారు?"

"నేనే అత్తా. పిడుదులకని..."

"గొర్రె కండ్లతో చూస్తాదనుకున్నావా? దాని కండ్లు ముక్కులో ఉంటాయే! ఇది నా బిడ్డే అని మూతి పెట్టి తెలుసుకున్నాకే పొదుగిస్తాది. ఇప్పుడు ఇవన్నీ నీ సీసా బిడ్డలు. వీటికి పాలెవరిస్తారు, నీ సీసానా?"

రత్నమ్మకు అప్పుడు తెలిసింది తను చేసిందేమిటో.

"కడిగేద్దామా?" అన్నాడు కృష్ణయ్య.

"ఈ చలిలో తడిపితే తెల్లారేసరికి ఒక్కటి మిగలదు. అయినా నూనె నీళ్ళకి పోతాదా?" మాలకొండమ్మ దొడ్డంతా కలయజూసింది. "మనకున్నదే ఈ మంద. ఈ ఈత పోతే మనం ఏం తినాలి? నాగులూ, రేపు దీన్ని తీసుకుపోయి వాళ్ళ నాయనకి అప్పజెప్పి రా."

"అమ్మా, ముందు పిల్లల్ని చూడు. మనుషుల సంగతి తర్వాత."

రత్నమ్మ కిందపడ్డ ఒక పిల్లను ఎత్తుకుంది. అది ఆకలికి ఆమె కొంగు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే ఆమె ఒక్కసారి తలెత్తింది.

"అత్తా, మా నాయనకి బట్టీ కాడ పులుసు వాసన కూడా తెలిసేది కాదు."

"ఇక్కడ కొంపలంటుకుంటా ఉంటే మీ నాయన పులుసెందుకే!"

"అది కాదత్తా. పొద్దస్తమానం ఆ నూనె వాసనే పీల్చి పీల్చి, ముక్కు దగ్గరికి ఏం తెచ్చినా ఆయనకి అదే వాసన. తల్లుల మూతికి కూడా ఇదే పూస్తే? వాటికి లోకమంతా ఒకటే వాసనైతే, ఇంక ఏ పిల్లని కాదంటాయి?"

మాలకొండమ్మ తల్లిగొర్రె వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. పిల్ల చచ్చిన గొర్రెకు తల్లిలేని పిల్లను అలవాటు చేయాలంటే, చచ్చిన పిల్ల తోలు దీనికి కప్పుతారు. తన అత్త నేర్పిన పని అది. బొల్లిమొహంది మొండికేయడానికి కారణం కూడా, నక్క తోలు ముక్కైనా మిగల్చకపోవడమే.

"తోలు కప్పేది కూడా ముక్కుని మాయచేసేదానికే గదా" అని గొణిగింది. తర్వాత గట్టిగా, "సీసా తే" అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

"చుక్కని గరిటెడు ఆముదంలో కలపాలత్తా."

"కలుపు. మూతి పైన్నే రాయి, ముక్కు లోపలికి పోనీకు. పొదుగు జోలికి పోవద్దు, పిల్లలు చీకుతాయి. నాగులూ, ఆ చెవి చీలినదాన్ని పట్టుకో. అది సాధువు."

వాచిన మోకాలితోనే మాలకొండమ్మ నేలమీద చతికిలబడి గొర్రె తల ఒళ్ళోకి తీసుకుంది. రత్నమ్మ వేలితో పూసింది. గొర్రె తుమ్మింది, తల విదిలించింది, పెదాలు నాక్కుంది. నాగులు దాని పిల్లను ముందుకు తోశాడు. గొర్రె దాన్ని వాసన చూసింది. గాలి వాసన చూసింది. తన కాలే తను వాసన చూసుకుంది. ఎటు చూసినా నిమ్మగడ్డే! ఏమనుకుందో ఏమో, గొంతులో చిన్నగా గురగురమంది. పిల్ల కిందికి దూరింది. దాని తోక గిరగిరా తిరిగింది.

"తాగతాంది!" కృష్ణయ్య తలగుడ్డ తీసి ఎగరేశాడు. "తాగతాందే ముసిలీ!"

"అరవొద్దు, బెదురుతాది. ఇంకోదాన్ని పట్టు."

ఇప్పుడొక చిక్కొచ్చింది. ముక్కులన్నిటికీ వాసన ఒకటే అయ్యాక తల్లి ఏ పిల్లనైనా రానిస్తుంది. ఎవరి పిల్ల ఎవరిదో మనిషే చెప్పాలి. అక్కడ మాలకొండమ్మను చూడాలి! "ఆ మెడకింద తెల్లమచ్చది పొట్టికొమ్ముదాని బిడ్డ. ఇది కాదు, అది. ఈ తిక్కలోడు కుంటిదాని కొడుకు, నడక చూడు" అంటూ ఒక్కదాన్ని కూడా తప్పు తల్లి కిందికి పోనివ్వలేదు. కోడలు పూయడం, అత్త పిల్లను తల్లితో కలపడం. అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయి, దొడ్డిలో పాలు చప్పరించే చప్పుడు మిగిలింది.

రత్నమ్మ చేతులు తుడుచుకుంటుంటే అత్త పిలిచింది.

"ఇట్ల తే ఆ తల్లిలేనిదాన్ని."

బొల్లిమొహం గొర్రె రెండడుగులు వెనక్కి వేసింది. రత్నమ్మ దాని మూతికి నూనె పూసి, పిల్లను ముందు నిలబెట్టింది. పిల్లకు నిలబడే ఓపిక కూడా లేక తూలింది. గొర్రె తల దించింది. చాలాసేపు వాసన చూసింది. గొర్రె ఒక్కసారి దాని వీపు నాకి, పక్కకు తిరిగి పొదుగు ఇచ్చింది.

మాలకొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

"అత్తా..."

"నేనీ ఇంటికొచ్చిన కొత్తలో గొర్రెల కంపుకి అన్నం సయించేది కాదే. గోడపక్కకి పోయి కక్కుకునేదాన్ని. మా కనిగిరి ఇంట్లో మల్లెపందిరి ఉండేది. మా అత్త చూసి, 'ఏ వాసన లేకుండా వస్తే మనిషెట్ల అవుతావు, నీ వాసన నువ్వు తెచ్చుకో, మా వాసన మేమిస్తాం' అని ఒక మల్లెతీగ తెప్పించి వాకిట్లో నాటింది. అది నేను మరిచిపోతిని చూడు."

రత్నమ్మ అత్త పక్కనే కూలబడి ఆమె భుజాన తల పెట్టింది. ఇద్దరి ఒంటి మీదా నిమ్మగడ్డీ గొర్రెబొచ్చూ కలిసిన వాసనే.

"మరి కంభం రైలు?" అన్నాడు నాగులు, దూరంగా నిలబడి.

"నువ్వెక్కి పో, నీకు నోరెక్కువైంది" అంది తల్లి. లేవబోయి మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. "ఏమ్మా, ఆ సీసాలో ఏమన్నా మిగిలిందా?"

రత్నమ్మ సీసా దీపం వెలుగుకు ఎత్తి చూపించి, ఏడుస్తూనే నవ్వింది.

వారం తిరిగాక ఒక పొద్దున మళ్ళీ నిప్పుకు వచ్చిన వెంకటసుబ్బులమ్మ వాకిట్లోనే ఆగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురుగా మాలకొండమ్మ గోడ పట్టుకోకుండా నడుస్తోంది. దొడ్డిలో పిడుదులు రాలిన పిల్లలు ఒకదాని మీదుగా ఒకటి దూకుతున్నాయి. తల్లిలేనిది బొల్లిమొహందాని వీపెక్కి కూర్చుంది.

"ఏంది వదినా, ఇంకా పోలేదా ఈ వాసన?"

"ఎందుకు పోతాది?" అంది మాలకొండమ్మ, నడుము మీద చెయ్యి పెట్టుకుని. "మా ఇంటి వాసన అది. మా కోడలు తెచ్చింది. కొంగు తియ్యి వదినా, కడుపునిండా పీల్చుకుని పో."